మెట్ల కింద నిలబడ్డ మనిషి

మా ఇంట్లో పరిశుద్ధాత్మకు తప్ప మరే ఆత్మకూ ప్రవేశం ఉండేది కాదు. నాన్న మిషను బడిలో పంతులు. దయ్యం మాట ఎత్తితే ఆయన బెత్తం ఎత్తేవాడు. పైగా నేను గుంటూరులో బి.ఏ. చదివినవాణ్ణి. ఆ చదువుతో ఉద్యోగం రాలేదు గానీ, దయ్యాలు లేవన్న సంగతి మాత్రం బాగా వంటబట్టింది. కింద రాసింది చదివి నన్ను తాయెత్తులు కట్టుకు తిరిగే మనిషి అనుకోవద్దని ఇదంతా ముందే చెబుతున్నాను.

యుద్ధం ముగిసిన కొత్తల్లో సంగతి. నరసరావుపేట చివర ఖాదర్ సాయిబు గారి టూరింగు టాకీసు డేరా వేసింది. నీళ్లు చల్లిన ఇసుక, ఇంజను నూనె, వేయించిన శనక్కాయలు, బీడీ పొగ, అన్నీ కలిసిన వాసన. ఇప్పటి హాళ్లలో చల్లగాలి వస్తుంది. ఆ వాసన రాదు.

తెలుగు సినిమా పెట్టె దొరకని వారం సాయిబు గారు ఇంగ్లీషు సినిమా వేసేవారు. జనానికి ఆ భాష రాదు కాబట్టి తెర పక్కన ఒకడు నిలబడి, రేకు గొట్టంలో కథ చెప్పాలి. ఊళ్లో ఖాళీగా ఉన్న బి.ఏ.ను నేనొక్కణ్ణే. నా చదువు అక్కరకొచ్చిన మొదటి సందర్భం అది. చాలాకాలం వరకు చివరిది కూడా అదే.

ఆ వారం వచ్చింది అమెరికాలో తీసిన దయ్యాల సినిమా. సముద్రం మధ్య ఒక దీవి. అక్కడ ఒక తెల్లదొర కాఫీ తోట, ఎత్తు మెట్ల బంగళా, కొత్తగా కాపురానికొచ్చిన దొరసాని. తోటలో పనిచేస్తూ చచ్చిపోయిన నల్లకూలీ ఒకడు రోజూ పొద్దుగూకే వేళకు లేచొచ్చి బంగళా మెట్ల కింద నిలబడతాడు. దొరసాని కెవ్వుమంటుంది. దొర తుపాకీ పేలుస్తాడు. మర్నాడు ఆ నల్లాయన మళ్లీ వస్తాడు.

ఈ సినిమా మీద నేనొక విమర్శ రాసి మద్రాసు పత్రిక ఒకదానికి పంపాను. వాళ్లు వేయలేదు. అందులో చెప్పింది ఇంతే. పనితనంలో లోటు లేదు. తలుపు కిర్రుమనే ముందు ఎంతసేపు నిశ్శబ్దం ఉంచాలో ఆ దర్శకుడికి బాగా తెలుసు. తెలియనిదల్లా సినిమాలో దయ్యం ఎవరన్నదే. ఆ నల్లాయన ఎవరినీ వేలితోనైనా తాకడు. కాల్చేదీ, కొరడా తీసేదీ, కుక్కల్ని వదిలేదీ బంగళావాళ్లు. గుండె జల్లుమనిపించే వాయిద్యం మాత్రం ఆయన వచ్చినప్పుడే మోగుతుంది. ఆయనకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు. మాట సరే, మొహమూ ఇవ్వలేదు. మొదటినుంచి చివరిదాకా చూపించేది వెన్నే. ఒంటి రంగు చూపిస్తే చాలు, భయానికి వేరే సరంజామా అక్కర్లేదని తీసినవాళ్ల నమ్మకం.

ఆ నమ్మకం బెంచీల దాకా పనిచేసింది. మొదటి ఆటకే పెద్దమనుషులు పక్కవాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నేల మీద మాత్రం ఎవరూ జంకలేదు. నేల టిక్కెట్టు ఎక్కువగా ఊరి వెలుపలి మా పాలెంవాళ్లది. ఊళ్లోవాళ్ల ఇళ్ల మెట్లెక్కకుండా కింద నిలబడి, లోపలివాళ్లు ఎప్పుడు పలుకుతారా అని ఎదురుచూడటం వాళ్లకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. అందులో భయపడేదేమిటో వాళ్లకు అంతుపట్టలేదు. దొరసాని మళ్లీ కెవ్వుమనగానే నేల మీంచి చింతయ్య మామ గొంతు లేచింది.

"ఏందమ్మా ఆ కేకలు! కాసిని మజ్జిగ పొయ్యి, తాగి పోతాడు!"

డేరా అంతా గొల్లుమంది. మర్నాటి నుంచి నేనూ గొట్టంలో దొరసానికి అదే సలహా ఇస్తూ వచ్చాను. సాయిబు గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఒరే బియ్యే! దయ్యాన్ని చూసి జనం జాలిపడతా ఉంటే రేపు డేరాకి ఎవడొస్తాడ్రా? కాస్త భయపెట్టు నాయనా, నీకు పుణ్యముంటది."

ప్రయత్నిస్తానన్నాను. నా గొంతు విని భయపడినవాళ్లు అప్పటికీ ఇప్పటికీ లేరు.

ఈలోగా పాలెంలో ఇంకో మాట పుట్టింది. ఎడమ భుజం కాస్త వాల్చి, చేతులు ఊపకుండా నడిచే ఆ నల్లాయన నడక అచ్చం మరియమ్మ పెద్దమ్మ కొడుకు దావీదుదేనని. దావీదు యుద్ధానికి ముందు మలయా రబ్బరు తోటలకు కూలికి పోయాడు. ఆ దేశం జపానువాళ్ల చేతిలో పడ్డాక వాడి కబురు లేదు. యుద్ధం అయిపోయింది, పోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, వాడు రాలేదు. బతికున్నాడో లేడో చెప్పగలవాళ్లు లేరు. పెద్దమ్మ రోజూ రైలు వేళకు స్టేషనుకు పోయి, బండి మాచర్ల వైపు వెళ్లిపోయాక ఇంటికి తిరిగొచ్చేది.

ఆమె ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఒరే అబ్బయ్యా, ఆ బొమ్మలో ఉండేది మావోడంట గదా?"

నేను విడమరిచి చెప్పాను. సినిమా తీసింది అమెరికాలో, ఆ మనిషి అక్కడి నల్లజాతివాడు, దావీదు పోయింది మలయాకు, మధ్యలో ఒక మహాసముద్రమూ ఒక మహాయుద్ధమూ ఉన్నాయి. అంతా ఓపిగ్గా విన్నది.

"తోటే గదరా?" అంది.

తోటే అన్నాను.

"దొర బంగళానే గదా?"

బంగళానే.

"అయితే నేనొకసారి చూడాల. మొకం చూస్తే నాకు తెలిసిపోద్ది."

మొహం చూపించరు పెద్దమ్మా అన్నాను.

"ఎందుకు చూపీరు?"

సాయంత్రం ఆటకు రమ్మన్నాను.

ఆ సాయంత్రం మొదటి ఆటకు వచ్చి, ఆడవాళ్ల వైపు నేల మీద అందరికన్నా ముందు కూర్చుంది. ఆ దృశ్యం రానే వచ్చింది. నల్లాయన తోట దాటి నడిచొచ్చి మెట్ల కింద ఆగాడు. పైన దొరసాని నోరు తెరిచింది. నేను గొట్టం ఎత్తాను. నాకన్నా ముందు పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఒరే దావీదూ! ఇటు చూడరా అయ్యా!"

ఆయన తిరిగి చూశాడు.

నేనేం రాస్తున్నానో నాకు తెలుసు. అన్ని ఆటల్లోనూ వెన్ను తప్ప ఏమీ చూపించని మనిషి మెల్లగా తల తిప్పి మా వైపు చూశాడు. నడివయసు మనిషి, లోతుకు పోయిన చెంపలు. కళ్లల్లో కోపం లేదు. ఎవరో పిలిస్తే, నన్నేనా అన్నట్టు చూసే చూపు. చింతయ్య మామ కూడా నోరు మెదపలేదు. ఆయన్ని ఎరిగినవాళ్లకు అది ఇంకో అద్భుతం. తర్వాత ఆ మనిషి మళ్లీ అటు తిరిగాడు, దొరసాని అరిచింది, సినిమా మామూలుగా సాగిపోయింది.

గొట్టం కింద పడేసి పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"మావోడు కాదురా," అంది. "ఎవరి బిడ్డో పాపం. పిలిస్తే పలికాడు."

మర్నాడు పగలు నేనూ ఆపరేటరూ ఆ రీలు మొత్తం ఎండకు పెట్టి చూశాం. ప్రతి బొమ్మలోనూ వెన్నే. సాయిబు గారు కూడా వచ్చి చూశారు. ఆ తర్వాత భయపెట్టమని నన్ను మళ్లీ అడగలేదు. కుర్చీ టిక్కెట్టు ప్లీడరు గారు మాత్రం ఇదంతా సామూహిక భ్రాంతి అని తేల్చేశారు. తమరు కూడా చూశారా అని అడిగాను. చూశానన్నారు.

చాలా ఏళ్ల తర్వాత మద్రాసులో అదే సినిమా మళ్లీ చూశాను. ఆయన వచ్చాడు, నిలబడ్డాడు, తిరగలేదు. పిలిచి చూద్దామా అనిపించింది. కుర్చీ టిక్కెట్టు కొన్నాను, మర్యాద అడ్డొచ్చింది. పైగా ఆయన పేరేమిటో నాకు తెలియదు.

నరసరావుపేటలో చివరి ఆటకు పెద్దమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో మజ్జిగ ముంత. ఆమెకు పాడి లేదు. ఎవరి మెట్ల కిందో నిలబడి అడిగి తెచ్చుకుని ఉండాలి. ముంతను తెర కింద ఇసుకలో ఒరగకుండా నిలిపింది.

ఇదేంది పెద్దమ్మా అన్నాను.

"మావోడూ ఎక్కడో ఎవరి మెట్లకాడో నిలబడి ఉంటాడు గదరా. ఈణ్ణి మనం చూస్తే, వాణ్ణి ఎవురో ఒకరు చూస్తారు."

దావీదు తిరిగి రాలేదు. పెద్దమ్మ స్టేషనుకు పోవడం మాత్రం ఆనాటి నుంచి మానేసింది.

మర్నాడు పొద్దున డేరా విప్పుతుంటే వెళ్లి చూశాను. ముంత నిలిపిన చోటే ఉంది, ఖాళీగా. ఇసుకలో ఒలికిన తడి లేదు. కుక్కలు తాగి ఉండవచ్చు. మా ఊళ్లో కుక్కలకు ఎన్నడూ కొదవ లేదు కాబట్టి, ముంత సంగతి వాటి మీదికి నెట్టేయగలను. ఆ తల తిప్పడం ఎవరి మీదికి నెట్టాలో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.