ఉతికేసిన ఇల్లు

ఆ వీధిలో ఆమెను అందరూ మడతక్క అంటారు. లాండ్రీ నడుపుతుందని కాదు, చేతికి ఏది దొరికినా మడత పెట్టకుండా ఉండలేదని. చదివేసిన పేపరు, ఖాళీ సంచి, మందుల చీటీ, ఆఖరికి ఎదుటివాళ్ళ చేతిరుమాలు కూడా లాక్కుని నాలుగు మడతలు వేసి ఇచ్చేస్తుంది. ముందుగదిలో దుకాణం, వెనకగదుల్లో కాపురం. ముప్పై ఏళ్ళుగా అదే ఇస్త్రీ బల్ల. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. మంచివాడే గానీ నోటిని మాత్రం ఖాళీగా ఉంచడు.

ఆమెకు ఇంకో జబ్బు కూడా ఉంది. సందేహం ఒకటి పట్టుకుందంటే ఇక వదలదు. మగవాళ్ళ చొక్కాలకు గుండీలు ఒక వైపు, ఆడవాళ్ళ చొక్కాలకు ఇంకో వైపు ఎందుకుంటాయని ఒకసారి వారం రోజులపాటు వచ్చినవాళ్ళనల్లా అడిగి చంపింది. ఆ దెబ్బకు ఒకాయన బట్టల కోసం తను రావడం మానేసి భార్యను పంపడం మొదలుపెట్టాడు.

కుక్క కూడా అలా సందేహంగానే వచ్చింది.

ఊరి చివర దిక్కులేని జంతువుల ఆశ్రమం ఒకటుంది. ప్రతి సోమవారం అక్కడికి ఉతికిన దుప్పట్లు చేరవేయడం మడతక్క పని. ఒక సోమవారం మూట దించుతుంటే తెల్లకుక్క ఒకటి గోడను రాసుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగింది. కాలి బొటనవేలు, మడమ, చీర అంచు, అరచెయ్యి, ఒక్కొక్కటే తీరిగ్గా వాసన చూసింది.

"దానికి కళ్ళు కనపడవు, చెవులు వినపడవు. పుట్టుకతోనే అంతే," అంది ఆశ్రమం డాక్టరమ్మ. "ఇద్దరు తీసుకెళ్ళారు, ఇద్దరూ తిరిగి తెచ్చిచ్చేశారు."

"వెలుతురు లేదు, చప్పుడు లేదు. మరి లోపల ఏముంటుందమ్మా దానికి? తెల్లారిందని ఎలా తెలుస్తుంది? కలలొస్తాయా? వస్తే ఆ కలలో ఏముంటుంది?"

"నాకూ తెలీదండీ. మా చదువులో చెప్పలేదు," అని డాక్టరమ్మ నవ్వేసింది.

అంత చదువుకున్నావిడకే తెలియదంటే మడతక్కకు నిద్ర పడుతుందా? ఆ వచ్చే ఆదివారమే కుక్కను ఇంటికి తెచ్చేసుకుంది. డాక్టరమ్మ మాత్రం షరతు పెట్టింది.

"పదిహేను రోజులు చూద్దాం. పగలంతా చూసుకునేది మీరే కాబట్టి, నేనొచ్చినప్పుడు అది తనంతట తాను మీ దగ్గరికి రావాలి. లాగొద్దు, ఎత్తుకోవద్దు. రాకపోతే వెనక్కి తీసుకెళ్తాను. ఇది మూడోసారి. ఇదీ కుదరకపోతే ఇంకెవరికీ ఇవ్వను."

కుక్కను చూసి భర్త ముందు అడిగిన మాట, "పేరేం పెడతావే? పిలిస్తే వినపడదు కదా!"

"మిమ్మల్ని నేనెప్పుడైనా పేరు పెట్టి పిలిచానా? ముప్పై ఏళ్ళు కాపురం నడవలేదూ?"

ఆయన నవ్వుకుంటూ కుక్కకు గిన్నెలో నీళ్ళు పోశాడు.

ఇక మడతక్క పరిశోధన మొదలైంది. ముట్టుకునే ముందు చెయ్యి ముక్కు దగ్గర పెట్టాలి, అది డాక్టరమ్మ నేర్పిన పాఠం. మిగతావి తనే కనిపెట్టింది. మాసిన బట్టల మూటలు వచ్చినప్పుడల్లా కుక్క వాటి చుట్టూ తిరిగేది. బేకరీ ఆయన చొక్కాల దగ్గర తోక ఊపేది. వకీలుగారి కోటు దగ్గర తుమ్మేది. కోటును తీసి ఇంకో మూట అడుగున దాచి చూసింది. అక్కడా తుమ్మింది.

"వకీళ్ళంటే దీనికీ పడదన్నమాట," అన్నాడు భర్త.

పదోరోజుకల్లా అది ఎక్కడా తగలకుండా వంటగది దాకా వెళ్ళి వచ్చేస్తోంది. పన్నెండోరోజు ఆమె వెనకాలే పెరట్లోకి నడిచింది. ఇంకేముంది, కుక్క మనదే అనుకుంది మడతక్క.

పదిహేనోరోజు ఆదివారం. పది గంటలకు డాక్టరమ్మ వస్తుంది. లాండ్రీ నడిపే మనిషి ఇల్లు ఎలా ఉండాలి? తొమ్మిదిన్నర దాకా తిప్పుకు రమ్మని తెల్లారగానే కుక్కను భర్తతో పంపేసి మడతక్క కొంగు బిగించింది. కుక్క పడుకునే గుడ్డ, కాళ్ళు తుడుచుకునే పట్టా, కర్టెన్లు, సోఫా గలీబులు అన్నీ ఉతికి యంత్రంలో ఆరబెట్టింది. ఫినాయిలు వేసి గదులన్నీ కడిగింది. కొత్త సబ్బుతో తలస్నానం చేసి, పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుని, పౌడరు కూడా అద్దుకుంది.

భర్తతో తిరిగొచ్చిన కుక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ముక్కు నేలకు ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది. రెండడుగులు వేసి బల్లకు తల కొట్టుకుంది. మడతక్క పరుగెత్తుకొచ్చి చెయ్యి పెడితే, నువ్వెవరో నాకు తెలియదన్నట్టు మొహం తిప్పేసుకుని వణుకుతూ వెళ్ళి భర్త కాళ్ళ మధ్య దూరింది.

"ఏం చేశావే దాన్ని?"

"నేనేం చేశానండీ, శుభ్రమేగా..." అంటూనే ఆగిపోయింది. "అయ్యో! ఇల్లు ఉతికేశానండీ. దాని ఇల్లు మొత్తం ఉతికేశాను. నన్ను కూడా!"

మాసిన తన బట్ట ఒక్కటి దొరికినా చాలని ఇల్లంతా గాలించింది. ఊళ్ళోవాళ్ళందరి మాసిన బట్టలూ ఉన్నాయి. తనది మాత్రం ఒక్కటీ లేదు, స్నానానికి విడిచిన చీర కూడా సబ్బునీళ్ళలో నానుతోంది. అంతలో డాక్టరమ్మ రానే వచ్చింది. కుక్క వణుకు చూసింది. సంచిలోంచి మెడపట్టీ తీసింది.

"ఒక్క గంట, అమ్మా! మీకు పుణ్యముంటుంది," అంది మడతక్క. ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, ఫ్యాను ఆపేసి, కనపడిన ఉతికిన బట్టల మూటనల్లా విప్పింది. కొత్త చీర కొంగు నడుముకి చెక్కి చొక్కా మీద చొక్కా ఇస్త్రీ చేసేస్తోంది. పౌడరు కారిపోయింది. జుట్టు నుదుటికి అతుక్కుంది. రవిక వీపంతా తడిసి ముద్దయింది.

"ఏంటండీ ఈవిడ?" అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"దానికి తెలిసిన మనిషిని తయారుచేసుకుంటోందండీ," అన్నాడు భర్త కదలకుండా.

పదిహేడో చొక్కాకు కాబోలు, కుక్క ముక్కు పైకి లేచింది. ఆయన కాళ్ళ మధ్యనుంచి తల బయటపెట్టింది. ఒక అడుగు వేసి ఆగింది. మళ్ళీ ఒకటి. అది గదికి అడ్డంగా నడిచి మడతక్క మడమ దగ్గరికి చేరింది. మడమ, చీర అంచు, వేళ్ళు, తొందర లేకుండా మొదటినుంచీ వాసన చూసుకుంది. తర్వాత ఒక్క నిట్టూర్పు విడిచి, ఆమె పాదం మీద గడ్డం వాల్చేసింది.

డాక్టరమ్మ మెడపట్టీ సంచిలో పడేసి కింద కూర్చుంది. "చెమటంటారా? గంజి వాసనా? ఆవిరా?"

"మీరూ చూడండి."

డాక్టరమ్మ నిజంగానే వంగి, ఆమె చీర అంచు వాసన చూసింది. "నాకేం తెలియడం లేదు," అని నవ్వుతూ కాగితాలు తీసి అటు బల్ల మీద పెట్టింది. "వచ్చి సంతకం పెట్టండి."

మడతక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది గానీ కదల్లేదు.

"ఏమండీ, ఆ కాయితాలు ఇటు పట్టుకురండి. నా కాలు ఖాళీ లేదు."