ఎడమచేతి మీద ఒక పేరు

ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఆ మాఘమాసం పేజీల్లో ఎండ గురించీ మినపచేల గురించీ రాశాను గాని దీని గురించి ఒక్క ముక్కా రాయలేదు. మా బావ పేరు నా ఎడమచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకోవాలనుకున్నాను. ప్రేమతో కాదు. అతని పెళ్ళినాడు ఆ పేరు పెళ్ళికూతురి కళ్ళబడాలని.

బావంటే మేనత్త కొడుకు. అత్త వాళ్ళది కంకిపాడు, మాది ఆ పక్క ఊరే. నేను ఉయ్యాల్లో ఉండగానే అత్త నన్ను తన కొడుక్కి అడిగిందట. ఆ మాట మీదే పెరిగాను. బెజవాడ కాలేజీకి బస్సులో వెళ్ళి వస్తున్నప్పుడు తోటి పిల్లలు బావను తలచి ఏడిపిస్తే, లైబ్రరీ పుస్తకంలోకి తల దూర్చుకుని లోపల్లోపల మురిసిపోయేదాన్ని. ఇంతలో బావకు గన్నవరం సంబంధం కుదిరింది. అమ్మాయి పచ్చగా ఉంటుందట. మాకు ఎవరూ సంజాయిషీ చెప్పలేదు. తాంబూలాలకు రమ్మని కబురు మాత్రం పంపారు.

ఆ తాంబూలాల రోజునే, వంటింట్లో ఆడవాళ్ళ మధ్య పచ్చబొట్ల మాట వచ్చింది. ఒకావిడ తన చేతి మీది లతను చూపించి, నా వంక తిరిగి, పెళ్ళిలో తిరగాల్సిన పిల్ల కదా, దీనికీ ఒక పువ్వు పొడిపించమంది. అత్త తమలపాకులు తుడుస్తూ తలైనా ఎత్తలేదు.

"దాని చేతికెందుకే పచ్చబొట్టు? అమాసనాడు చందమామను ఎతుక్కున్నట్టుంటది."

అందరూ నవ్వారు. కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నేనూ నవ్వాను. అత్తనైనా ఎప్పటికో క్షమిస్తానేమో గాని, ఆ నవ్వును మాత్రం క్షమించను.

అంతటితో అయిపోలేదు. పెళ్ళి చేసుకుని కొత్త జంట ఇంటికొచ్చినప్పుడు పెళ్ళికొడుకు అక్కో చెల్లెలో గుమ్మానికి చెయ్యి అడ్డం పెడుతుంది. ఒకరి పేరొకరు చెప్పాకే లోపలికి దారి. బావకు అక్కచెల్లెళ్ళు లేరు. సాయంత్రం అత్త నన్ను మూలకు పిలిచి, ఆడపడుచు లాంఛనం నువ్వే జరిపించాలి అంది. నిన్నటిదాకా పెళ్ళాం వరస అయినదాన్ని చెల్లెలి స్థానంలో నిలబెట్టడంలో ఆవిడకు తప్పేమీ కనిపించలేదు. లేదా కనిపించే అడిగింది. నేను తల ఊపాను. ఊపుతుండగానే నాకు ఆ ఆలోచన వచ్చింది.

గుమ్మానికి అడ్డం పెట్టిన ఆ చేతి మీద అతని పేరుంటే? మా వైపు పెళ్ళికాని పిల్ల చేతి మీద మగవాడి పేరుందంటే దాని అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మొగుడి పేరు చెప్పబోయే ఆ అమ్మాయి ముందు నా చెయ్యి చదువుకుంటుంది. వెనకున్న గన్నవరం వాళ్ళు చదువుకుంటారు. అప్పుడు అత్త మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ, ఒకరోజు బస్సులో దిగాల్సిన చోటు దాటి రెండూళ్ళ అవతల దిగాను. ఆ తర్వాత నా గతేమవుతుందన్న ప్రశ్న రాలేదు. వచ్చినా నిలవనివ్వలేదు.

పచ్చబొట్లు పొడిచే ఆమె కాలువ గట్టు మీద గుడిసె వేసుకుని ఉండేది. కాలేజీ లేని రోజున వెళ్ళి కనుక్కున్నాను. ఆముదపు దీపం మసి, గుంటగలగరాకు పసరు నన్నే తెచ్చుకోమంది. చేతికి నూనె తగలకూడదట. పొక్కు రాలి రంగు తేరడానికి వారం పైన పడుతుందట. పెళ్ళికి కాటుక చేస్తానని అమ్మకు చెప్పి, ప్రమిద మీద మూకుడు బోర్లించి మసి పట్టాను. తలకు రాసుకోవడానికని చెప్పి ఆకు కోసుకొచ్చాను. మా పెరటి గది గుమ్మంలో చెయ్యి చాచి నిలబడి, ఏ చెయ్యి పెడితే, ఎక్కడ రాస్తే బయటివాళ్ళకు బాగా కనిపిస్తుందో చూసుకున్నాను. ముంజేతి లోపలి భాగం నా ఒంట్లో కాస్త తెల్లటి చోటు. అక్కడ పెన్నుతో చింతగింజలంత అక్షరాలు రాసుకుని, చూసుకుని, సబ్బుతో కడుక్కునేదాన్ని. కడిగినప్పుడల్లా కసి ఇంకొంచెం పెరిగేది.

అయితే, కాబోయే మొగుడి పేరని నేను అబద్ధమాడినప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆమె ఒక మాట చెప్పింది. మొగుడి పేరైతే అత్త వరస మనిషి చెయ్యి పట్టుకోవాలట, లేకపోతే తను సూది ముట్టదట. మొదట నీరుగారిపోయాను. ఇంటికొచ్చే దారిలో మాత్రం నాలో నేనే నవ్వుకున్నాను. ఇంతకన్నా ఏం కావాలి? అత్తకు చదువు రాదు. తన కొడుకు పేరును తనే దగ్గరుండి, నా చెయ్యి కదలకుండా అదిమి పట్టుకుని మరీ పొడిపిస్తుంది.

అత్తను అడిగాను, పూలతీగ పొడిపించుకుంటాను, సూదంటే భయం, తోడు రమ్మని. పెళ్ళి పనులు వదిలిపెట్టి వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా తల తన భుజానికి ఆనించుకుని, ఇటు చూడకు, కాలువలో నీళ్ళు చూడు అంది. పొడిచే ఆమెకు ముందే చెప్పి ఉంచాను, అత్త ముందు పేరు మాట ఎత్తొద్దు, నాకు సిగ్గని. నేను కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను ఆమె బొమ్మ చూసి గీసినట్టు, పుల్లను మసిలో ముంచి నా చేతి మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఆ చుక్కల మీద తర్వాత సూది నడుస్తుంది.

సగం పేరు అయ్యేసరికి నా మణికట్టు మీద అత్త పట్టు వదులైంది.

నేను మరిచిపోయింది ఒక్కటే. అంతకుముందు వారమే అత్తతో కలిసి బెజవాడ వన్ టౌన్‌కు పెళ్ళి సామాన్లు కొనడానికి వెళ్ళాను. కొన్న ప్రతి స్టీలు గిన్నె మీదా, బిందె మీదా కొట్టువాడు సుత్తితో చుక్క చుక్కగా బావ పేరు కొట్టాడు. కొట్టించిన ప్రతి సామాను మీదా అత్త వేలు పెట్టి తడిమి చూసుకుంది. చదువు రాకపోవచ్చు, తన కొడుకు పేరు చుక్కల్లో ఎలా ఉంటుందో ఆ వేలికి తెలుసు.

ఆవిడ అరవలేదు. నా చేతి వంకే చూసింది. పొడిచే ఆమె, మసి ఎండిపోతంది, పొడవమంటారా వద్దా అని అడిగింది. అత్త నా మణికట్టును మళ్ళీ గట్టిగా పట్టుకుంది.

"పొడిపించుకోవే. నేను పట్టుకునే ఉంటాను. రేపు నిన్ను చేసుకున్నోడు, నువ్వు అన్నం పెట్టినప్పుడల్లా నా కొడుకు పేరు చూసుకుంటా తింటాడు."

సూది నా చర్మానికి బెత్తెడు దూరంలో ఉంది. అత్త నిజంగానే వదల్లేదు. నేనే గుంజుకున్నాను. భయపడి కాదు. ఆవిడ ఇంటి గిన్నెల మీదా, బిందెల మీదా ఉన్న పేరు నా ఒంటి మీద కూడా ఉంటే ఆవిడ సామాన్లలో నేనూ ఒకదాన్నవుతానని ఆ క్షణంలో తోచింది. కాలువలోకి దిగి ఇసుకతో రుద్దుకున్నాను. పైకి వచ్చేసరికి అత్త వెళ్ళిపోయింది.

కారణం చెప్పకుండా నన్ను తప్పించడానికి అత్తకు వీల్లేదు గనక, పెళ్ళి నుంచి వచ్చిన రోజు గుమ్మంలో నేనే నిలబడ్డాను. గాజులు పైకి తోసి, ఏమీ లేని ఎడమచెయ్యి అడ్డం పెట్టాను. బావ పెళ్ళాం పేరు గొణిగాడు. పెళ్ళికూతురు తడబడకుండా, అందరికీ వినపడేలా అతని పేరు చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి దించలేదు. చీర పెట్టందే ఆడపడుచు కదలదులే అని ఎవరో హాస్యమాడారు. నవ్వులయ్యాయి, నవ్వులు ఆగిపోయాయి. బావ గడప వంక చూస్తున్నాడు. నేను అతని వంకే చూస్తున్నాను. పెళ్ళికూతురి మొహంలో నవ్వు మెల్లగా పోవడం చూసి, నాకు మొదటిసారి కడుపు నిండినట్టయింది.

ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని అత్త దగ్గరికి వచ్చింది. ముందు నా ముంజేతి వంక చూసింది, తర్వాత నా మొహం వంక. ఆ రోజు తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు. ఆవిడ నాతో చివరగా అన్నది ఇదే.

"చెయ్యి తియ్యమ్మా. నా కోడలు లోపలికి రావాల."