సెంటు కింద ఆవకాయ

అమెరికాలోని ఫ్రిస్కోలో మా అల్లుడు తన పాత ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ అమ్మకానికి పెట్టాడు. డీలరు చెప్పిన ధర మరీ తక్కువ. ఇంటికొచ్చి చూసి కొనుక్కునేవాళ్ళయితే మంచి ధర ఇస్తారని ఆశపడ్డాడు. బ్యాటరీ భేషుగ్గా ఉంది. చిక్కల్లా డిక్కీలో ఒలికిన ఆవకాయ నూనె వాసనతోనే. ఎంత కడిగినా వదల్లేదు.

ఒక తెలుగు జంట చూడ్డానికి వస్తున్నారంటే, బండి లోపలంతా సెంటు కొట్టాడు. వచ్చినమ్మాయికి వేవిళ్ళు. తలుపు తీయగానే ముక్కు మూసుకుంది.

"ఈ స్మెల్ నా వల్ల కాదు, వేరే కార్ చూద్దాం" అంది భర్తతో. అల్లుడి ముఖం వాడిపోయింది.

నేను ఉండబట్టలేక, "అది పొద్దున కొట్టిన సెంటమ్మా, రేపటికి పోతుంది. పోనిది ఆవకాయ వాసన. డిక్కీ తీసి చూసుకో" అన్నాను.

"అత్తయ్యా!" అన్నాడు అల్లుడు పళ్ళ బిగువున.

ఆ పిల్ల డిక్కీలోకి వంగి, గట్టిగా ఊపిరి పీల్చి, అక్కడే కూర్చుండిపోయింది.

"ఆంటీ, నెల నుంచీ ఏదీ తినబుద్ధి కావట్లేదు. ఆవకాయ ఇంకా ఉందా?"

"ఉంది. వేడన్నం కూడా ఉంది, రా."

ఆమె రెండోసారి అన్నం పెట్టించుకోవడం చూసి భర్త బేరమే ఆడలేదు. అడిగిన ధరకే కొన్నాడు.

వాళ్ళు వెళ్ళాక అల్లుడు సెంటు సీసా చెత్తబుట్టలో పడేసి, "కొత్త కార్‌లో మీరే కాస్త ఒలకబోయండి అత్తయ్యా" అన్నాడు.