సారు చేతి బీరపాదు

మీ ఇంటికి ఏ కూరగాయ అచ్చిరాదు? దాచకండి, ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పొట్లకాయో, దొండకాయో, బూడిద గుమ్మడికాయో. సంతలో కొనుక్కొచ్చి నిక్షేపంగా వండుకు తింటారు. పెరట్లో గింజ పెట్టమంటే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంటారు. ఎందుకు అచ్చిరాదు, ఏ ఏడు అచ్చిరాలేదు, చూసినవాళ్లు ఎవరు అని ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉండరు. నేను అడిగాను. అడిగినందుకు నాకు జరిగిన సన్మానం ఎలాంటిదో చెబుతాను.

మూడేళ్ల కిందటి జూన్ అది. జనగామలో ఆరేళ్లు, మహబూబాబాద్‌లో ఐదేళ్లు పనిచేసి, ఉద్యాన అధికారిగా భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి మండలానికి వచ్చాను. కూరగాయలు, పండ్లతోటలు పెంచే రైతులకు ఏం వేయాలో, ఎలా పెంచాలో, పురుగు పడితే ఏం చేయాలో చెప్పడం మా పని. జనగామలో నేను చూసింది టమాట, వంకాయ. మహబూబాబాద్‌లో మిరప, మామిడి. పందిరికి పాకే కూరగాయలతో నాకు పెద్దగా పరిచయం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

అక్కడ ఒక పల్లెలో సరోజన అనే రైతుకు అరెకరంలో శాశ్వత పందిరి మంజూరైంది. అంటే రాతి కడీలు పాతి, పైన ఇనుప తీగలు వల మాదిరి అల్లిన పందిరి. తీగలు పైకి పాకుతాయి, కాయలు కిందికి వేలాడతాయి, వానాకాలం బురద తగిలి కుళ్లవు. ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తుంది కాబట్టి దానికో షరతు ఉంది. మొదటి వానాకాలమే తీగ కూరగాయ వేసి చూపించాలి. దాని కోసం ఆమె రెండేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగింది. ఏటా చలికాలం చివర ఇంటికి తాళం వేసి, భర్త కొమురయ్యతో కలిసి దూరపు మిరపతోటలకు కాయ ఏరే కూలికి పోవడం ఆమె బతుకు. అక్కడ రెండు నెలలు ప్లాస్టిక్ పట్టాల గుడారం కింద పడుకోవాలి.

"ఈ పందిరి నిండ కాస్తె ఈ యేడు మిరప ఏరుడుకు పోను సార్. ఆ ఘాటుకు కండ్లు మండుడు ఇంగ నాతోని కాదు" అని మొదటి రోజే చెప్పింది.

మృగశిర కార్తె ప్రవేశించింది. మొదటి వాన పడి నేల మెత్తబడింది. విత్తనాల సంచి పట్టుకుని వెళ్లాను. అరుగు మీద సరోజన అత్త లచ్చవ్వ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఏ గింజ పెట్టాలన్నా ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది. నేను ఒక్కో పొట్లం తీసి చూపించాను. ఆమె ఒక్కోదాన్నీ కొట్టేసింది.

"పొట్లకాయ?"

"వద్దు సారు. అది పెట్టిన ఏడు పందిరి కింద పాము కనవడ్డది."

"పాము నిజంగా పామేనా, పొట్లకాయేనా?"

"ఏదైతేంది? దడుసుకున్నమా లేదా?"

"సరే, సొరకాయ?"

"సొరపాదు పెడ్తె ఆడిబిడ్డ పుట్టింటికి తిరిగొస్తది. ఒకపారి పెట్టినం, వచ్చింది. బోనాలకు వచ్చి బతుకమ్మ దాంక ఉన్నది."

"కాకర?"

"ఇంట్ల చేదు మాటలు వస్తయి."

గుమ్మం పక్కన నిలబడ్డ సరోజన కొంగు అడ్డం పెట్టుకుని, "కాకర లేకుంటనే వస్తున్నయి సార్" అంది.

"ఏందే గునుగుతున్నవ్?"

"ఏం లేదత్తా, చాయ్ పెట్టాల్నా అంటున్న."

"దొండ?" అన్నాను.

"దొండ పెడ్తె ముసలోళ్లు మంచాన పడ్తరు."

"మీరు దొండ పెట్టలేదు కదా అవ్వా. మరి మీకీ మోకాళ్ల నొప్పి ఎందుకొచ్చింది?"

"పెట్టకుంటనే గిట్లున్నది. పెడ్తె ఎట్లుంటుండె!"

కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో వాదించినవాణ్ని, దొండ పొట్లం సంచిలో పెట్టేసి చివరి పొట్లం తీశాను. బీర.

"బీర అసలే వద్దు. మా మామ బీరపాదు పెట్టిన ఏడే తాటిచెట్టు మీదికెళ్లి పడి కాలిరిగింది."

"బీరకాయల కోసం తాటిచెట్టు ఎక్కాడా?"

"బీరకాయలకెందుకు ఎక్కుతడు? కల్లుకు ఎక్కిండు. కల్లు గీసె గౌడు రాలేదని ఆయినే ఎక్కిండు."

"అయితే అచ్చిరానిది కల్లు. మరి ఇంట్లో కల్లు మానేశారా?"

లచ్చవ్వ నన్ను జాలిగా చూసింది. "కల్లేం జేసింది సారు? కల్లు మంచిదే."

చూశారా న్యాయం! తాటిచెట్టు నిర్దోషి, కల్లు నిర్దోషి, తనకు రాని విద్యకు పూనుకుని చెట్టెక్కిన మామ నిర్దోషి. నేల మీద తన మానాన తాను పాకుతున్న బీరతీగ ముద్దాయి. మన ఇళ్లలో కాలు విరిగినా, కాన్పు కష్టమైనా, దవాఖాన దూరమై మనిషి పోయినా, ఎవరూ రోడ్డును అడగరు, డాక్టరును అడగరు. నోరు లేని కూరగాయ మీద కేసు పెట్టి శాశ్వత శిక్ష వేస్తారు. ఆ శిక్ష అనుభవించేది కూరగాయ కూడా కాదు, దాన్ని పండించి బతకాలనుకున్న కోడలు. ఇదంతా అరుగు మీద నిలబడి గట్టిగానే చెప్పాను. లచ్చవ్వ శ్రద్ధగా విని, "మంచిగ జెప్పినవ్ బిడ్డా. టమాట పెడ్దం" అంది.

"పందిరికి టమాట ఎందుకవ్వా? ఇన్ని రాతి కడీలు ఏం చేసుకుంటారు?"

"బట్టలు ఆరేసుకుంటం" అన్నాడు కొమురయ్య. అప్పటిదాకా అతను నోరు విప్పలేదు. విప్పకపోయినా బాగుండేది.

తీర్పు చెప్పింది సరోజన. "అత్తా, బీర అచ్చిరానిది మనింటికి గదా? సారుకు కాదు గదా? సారు చేతి మీద పెట్టిద్దం. పాదు సారుది, కాత మనది."

లచ్చవ్వ ముఖం వికసించింది. నాకు ఒళ్లు మండింది. నా చేత్తో మొదటి గింజ వేస్తే, చేతిలో ఏదో మహత్తు ఉందని నేనే ఒప్పుకున్నట్టు కాదా? కుదరదన్నాను. సరోజన నన్ను పక్కకు పిలిచింది. "సార్, మీ సిద్ధాంతం మీకే ఉండనీ. మబ్బు పట్టింది. రేపటికి నేల బురదైతది. గింజ భూమిల పడుడు ముఖ్యమా, అవ్వ మీద గెలుసుడు ముఖ్యమా?"

ఆమె చెప్పింది నిజం. చెప్పులు విప్పాను. లచ్చవ్వ తూర్పుకు తిరగమంది. నా హేతువాదానికి మిగిలిన ఒకే ఒక్క ఆయుధంగా పడమరకు తిరిగాను.

"ఏ దిక్కైతేంది, చెయ్యి నీదే గదా" అని ఆమె నవ్వి, "మీ ఇంటికి బీర అచ్చొస్తదా సారు?" అని అడిగింది.

"వారానికి రెండుసార్లు తింటాం."

"తినుడు కాదు, పెట్టుడు."

నేనుండేది మేడ మీద అద్దె గదుల్లో. అప్పటిదాకా నా సొంతానికి ఒక్క బీర గింజ కూడా నాటలేదు. పదకొండేళ్ల సర్వీసున్న ఉద్యాన అధికారిని, గుంతకు రెండు గింజల చొప్పున పెట్టుకుంటూ ముందుకు జరిగాను.

తీగలు అద్భుతంగా పెరిగాయి. జూలై చివర పుష్యమి కార్తె వచ్చేసరికి పందిరంతా ఆకు కమ్మేసింది. ఆకులకు ఎర్ర పెంకు పురుగు పట్టింది. నేను మందు రాసిచ్చి, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను. "సాయంత్రమే కొట్టు కొమురయ్యా. పొద్దున కొట్టొద్దు, తేనెటీగలు చస్తాయి." బూజు తెగులు కనబడింది. మరో మందు, అదే మాట. పూత వచ్చింది. పిందెలు వచ్చాయి. వేలెడంత అయి, పసుపు పచ్చబడి రాలిపోవడం మొదలైంది.

సరోజన ఫోన్ చేసింది. "సార్, రోజు దోసెడు దోసెడు ఊడుస్తున్న." ఆ గొంతులో మిరపతోట వినబడింది.

వరుసగా మూడు రోజులు పొద్దున్నే వెళ్లి చూశాను. నేల, నీరు, ఆకు, అన్నీ బాగున్నాయి. పిందె నిలవడానికని ఇంకో మందు రాసిచ్చాను. సాయంత్రమే కొట్టమన్నాను. ఇంకా ఎక్కువ రాలాయి.

ఊరు తీర్పు మార్చుకుంది. అచ్చిరానిది ఆ ఇంటికి కాదట. "సారు చేతికే బీర అచ్చిరాలే" అని తేల్చారు. మాట పక్క ఊళ్లకు పాకింది, నా తీగల కన్నా వేగంగా. వంకాయ నారు పంచడానికి ప్రో-ట్రేలు పట్టుకుని వెళ్లాను. గుంటకొక మొక్క చొప్పున నారు పెంచే ప్లాస్టిక్ పళ్లేలవి. ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడి, "గా కుర్సీ మీద పెట్టుర్రి సారు, మేం తీసుకుంటం" అన్నాడు. నా చెయ్యి సోకకుండా! ఏ మూఢనమ్మకాన్ని తిడుతూ నేను బండి మీద తిరుగుతున్నానో, ఆ మూఢనమ్మకం ఇప్పుడు నా పేరుతోనే తిరుగుతోంది.

వారం తర్వాత మళ్లీ పొద్దున్నే తోటకు వెళ్లేసరికి లచ్చవ్వ గట్టు మీద ఉంది.

"రోజు పొద్దుగాలొచ్చి ఏం జూస్తున్నవ్ సారు?"

"పూలు చూస్తున్నానవ్వా. పరాగ సంపర్కం జరుగుతోందో లేదోనని." అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వును చేరడం అని వివరించాను. బీరలో రెండు రకాల పూలూ వేరువేరుగా ఉంటాయి. ఆడపువ్వు కింద అప్పటికే చిటికెన వేలంత కాయ ఉంటుంది. పుప్పొడి అందకపోతే అది పసుపుబారి రాలిపోతుంది.

"గా సంబురం పొద్దుగాల ఏడుంటది? బీరపూలు పొద్దుగూకంగ విచ్చుకుంటయి. ఈగలు గప్పుడే వస్తయి. మావోడు గూడ గప్పుడే మందు పంపు ఏసుకోని వస్తడు."

ఆ రోజు ఇంటికి పోలేదు. సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చున్నాను. ఎండ తగ్గింది. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న పసుపు మొగ్గలు నా కళ్ల ముందే ఒకటొకటిగా విచ్చుకున్నాయి. తేనెటీగలు వచ్చాయి. వాటి వెనకే, వీపున పంపు తగిలించుకుని, నేను రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకుని కొమురయ్య వచ్చాడు.

"ఆగు!" అని అరిచాను.

"ఏమైంది సారు? గిది మీరు జెప్పిన టైమే గదా? ఒక్కపూట గూడ తప్పలే."

నిజమే, తప్పలేదు. ఒక రోజు పురుగుకు, ఒక రోజు బూజుకు, ఒక రోజు పిందె నిలవడానికి. పూలు విచ్చుకునే వేళకు వెళ్లి, వాటి ముఖాన మందు కొట్టి, ఈగలను తరిమి, పుప్పొడిని కడిగేశాడు. అన్నీ నా ఆదేశాల ప్రకారమే. మిరపకు, వంకాయకు సాయంత్రం కొట్టడం సరైనదే, వాటి పూల మీద ఈగలు పొద్దుటి పూట తిరుగుతాయి. ఆ మాటను ఒక శిక్షణ తరగతిలో విన్నాను. రాసుకున్నాను. మూడు జిల్లాల్లో పదకొండేళ్లుగా అప్పజెప్పాను. ఏ పువ్వుకు, ఎందుకు అని ఒక్కనాడూ అడగలేదు. లచ్చవ్వకు మామ చెప్పాడు, నాకు మా పెద్దసారు చెప్పాడు. తేడా ఏమిటంటే ఆమె పూలను చూసింది.

చీటీ చింపేశాను. మందు తప్పనిసరైతేనే, అదీ పూలు ముడుచుకున్నాక, పొద్దెక్కి కొట్టమన్నాను. పారిపోయిన ఈగలు మళ్లీ మరిగేదాకా ఆగే తీరిక లేదు కాబట్టి ఆ సాయంత్రమే సరోజనా నేనూ మగపూలు తెంపి ఆడపూలకు తాకించడం మొదలుపెట్టాం. లచ్చవ్వ గట్టు మీద నుంచి అరిచింది.

"పూలకు పెండ్లి జేస్తున్నవా సారు? ముహూర్తం ఎవల్నడిగినవ్?"

"పూలనే అడిగానవ్వా."

వారం తిరిగేసరికి పిందెలు నిలబడ్డాయి. రాలినవి రాలాయి. మొదటి కాపు పోయినట్టే. కానీ ఆ తర్వాత పందిరి కింద వంగి నడవాల్సి వచ్చింది. ఆ చలికాలం చివర సరోజన ఇంటికి తాళం పడలేదు. మిరపతోటల లారీ ఊళ్లోకి వచ్చి హారన్ కొడితే, ఆమె రెండోసారి బీర పెట్టిన పందిరి కింద నుంచే "మేం రాం, పోండి" అని చెయ్యి ఊపిందని కొమురయ్య చెప్పాడు.

ఆ తర్వాత నేను ఆ ఊరు వెళ్లినప్పుడు లచ్చవ్వ ఒక సంచి నిండా బీరకాయలు తెచ్చి నా బండికి తగిలించింది. ఇదే అదను అనుకుని అడిగాను. "ఇప్పుడేమంటావవ్వా? నా చెయ్యి అచ్చిరాలేదంటావా?"

"నీ చెయ్యి మంచిదే బిడ్డా" అంది. "నీ నోరే అచ్చిరాలే."

ఉద్యోగంలో నాకు వచ్చిన ప్రశంసాపత్రాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. ఇది మూఢనమ్మకం మీద విజ్ఞానం గెలిచిన కథ కాదు. ఎందుకో తెలియకుండా వల్లించేది ఏదైనా, అది పంచాంగంలో ఉన్నా, ప్రభుత్వ కరపత్రంలో ఉన్నా, చేసే నష్టం ఒకటే. పిందె రాలుతుంది.

కాబట్టి ఈ వానాకాలం మీరు చేయాల్సిన పని ఒకటుంది. విత్తనానికి ముహూర్తం చెప్పే అయ్యగారు వచ్చినా, మందుకు వేళ చెప్పే నాలాంటి సారు వచ్చినా, వెంటనే తలూపకండి. "ఎందుకు?" అని అడగండి. ఆయన నసిగితే తోటలోకి తీసుకెళ్లి, పువ్వు ముందు కూర్చోబెట్టి, మళ్లీ అడగండి. జవాబు చెప్పేదాకా బండి తాళంచెవి ఇవ్వకండి.