పుస్తకం అంచున రాసిన మాట

మోరిస్‌విల్‌లో మా పక్కింటి అంకుల్‌కి జమీందారీ కుటుంబాల నవలలంటే పిచ్చి. ఆయన చదివాకే ఆ పుస్తకాలు నా చేతికొచ్చేవి. పేజీల అంచుల్లో పెన్సిల్‌తో ఆ పాత్రలతో మాట్లాడుతూ ఉండేవారు. ప్రేమలో పడ్డ కూతుళ్ళని "వద్దమ్మా, నా మాట విను" అని బతిమాలేవారు. జమీందారుల దగ్గర మాత్రం ఎక్కడలేని మర్యాద. "బాగా చెప్పారండీ", "మీరే కరెక్ట్ సార్" అని రాసేవారు.

నేనెప్పుడూ ప్రేమికుల పక్షమే. "నీ వయసలాంటిదిలే" అని నవ్వేసేవారు. కమ్మింగ్‌లో ఉండే వాళ్ళమ్మాయి ఊసెత్తితే మాత్రం టీ పెడతానని లేచిపోయేవారు. ఆమె తనకి నచ్చినవాణ్ణి చేసుకుందనీ, అప్పట్నుంచి తండ్రీకూతుళ్ళకి మాటల్లేవనీ ఆంటీ ఒకసారి చెప్పింది.

ఆయన నాకిచ్చిన చివరి నవలలో, దివాణం గుమాస్తాని పెళ్ళాడి పుట్టింటికొచ్చిన కూతురి మొహం మీదే జమీందారు తలుపు వేసేస్తాడు. ఆ పేజీ అంచున, కాగితం చిరిగేంత ఒత్తి రాసి ఉంది: "తలుపు తియ్యరా."

పుస్తకం తిరిగిస్తూ ఆటపట్టించాను. "ఏంటంకుల్, బుక్ మొత్తం అండీ అండీ అని, లాస్ట్‌కి జమీందారుని పట్టుకుని 'రా' అనేశారు?"

ఆయన ఆ పేజీ తెరిచి, రాసినచోట వేలితో తడిమారు.

"జమీందారుని కాదమ్మా" అన్నారు.