కళ్లకు కట్టిన టెంటు

నలుగురి ముందట మాట్లాడుడంటే నాకు చిన్నప్పటి సంది గుండెదడ. చర్చిల క్రిస్మస్ ప్రోగ్రాంకు రెండు వాక్యాలు అప్పజెప్పమంటే, మైకు ముందట నోరు తెరిచి, మళ్ల మూసుకొని దిగొచ్చిన పిల్లను నేను. గడ్డపోతారంల మందుల ఫ్యాక్టరీ ల్యాబుల తొమ్మిదేండ్లు పనిచేసినా ఆ భయం పోలే. రిపోర్టు నేను తయారుచేస్తే, మీటింగుల మా ఇన్‌చార్జి సారు చదివేటోడు. నాకు గదే సుఖమనిపించేది.

ఒకనాడు హెచ్చార్ మేనేజర్ పిలిచిండు.

"మేడమ్, స్టేజీ భయం పోగొట్టే ట్రైనింగ్ పెడుతున్నం. డ్యూటీ టైంలనే. మీ పేరు రాసిన," అన్నడు.

"నా పేరెందుకు సార్?"

"మీలాంటి టాలెంట్ మూలకు పడి ఉండొద్దని."

జ్వరమొచ్చి ఒక్క పూట సెలవడిగితే పది ప్రశ్నలేసేటోళ్లు, డ్యూటీ టైం ఇచ్చి మరీ నా భయం పోగొడతమంటే నమ్మబుద్ధి కాలే. ట్రైనింగుకు తీసుకున్నది నలుగురిని. చూస్తే నలుగురం చుట్టుపక్కల ఊర్లోళ్లమే. బిహార్, ఒడిశా నుంచి వచ్చినోళ్లు గాని, సిటీ నుంచి కంపెనీ బస్సుల వచ్చేటోళ్లు గాని ఒక్కరు లేరు.

ట్రైనర్ హైదరాబాద్ నుంచి వచ్చేది. నల్ల డబ్బా అసొంటి కళ్లజోడు తెచ్చి తలకు బెల్టుతోని బిగించేది. అది పెట్టుకుంటే మన గది మాయమైతది. ఎదురుంగ ఇంకో గది, కుర్చీలల్ల పదిమంది బొమ్మ మనుషులు. ఒకాయన ఫోన్ చూసుకుంటడు, ఒకామె ఆవులిస్తది. ఉత్త బొమ్మలని తెలిసి గూడ మొదటినాడు నా అరచేతులు తడిసిపోయినయి.

"వాళ్లు ఏమీ అనరు. ఊపిరి వదలండి. ఒక మొహం చూసి ఒక మాట పూర్తి చేయండి," అనేది ట్రైనర్ పక్కనే నిలబడి.

పనిచేసింది. అది దాచను. మూడో వారానికి గొంతు వణుకు తగ్గింది. మీటింగుల నా రిపోర్టు నేనే చదివిన.

నాలుగో వారం గది మారింది. డబ్బా పెట్టుకోంగనే పెద్ద టెంటు. కింద ప్లాస్టిక్ కుర్చీలు, నెత్తి మీద కొంగేసుకున్న ఆడోళ్లు, తెల్లంగీల పెద్దమనుషులు. ఒక బల్ల వెనుక ఆఫీసర్లు. నేను మాట మొదలుపెట్టంగనే ఒకాయన లేచి చెయ్యి ఊపుకుంట ఒర్రిండు.

డబ్బా తీసేసిన. "ఆఫీసు మీటింగుకు టెంటెందుకు మేడమ్?"

"కంపెనీ అడిగిన సీన్ అండి. ఎందుకో నాకు తెలియదు," అన్నది ట్రైనర్, వైర్లు చుట్టుకుంట.

అబద్ధమాడుతున్నదనుకున్న. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమెకు నిజంగనే తెల్వదేమో.

ఆ ఆదివారం, ఫ్యాక్టరీ పక్కనున్న మా ఊర్ల వ్యవసాయం చేసే అన్న ఫోన్ చేసిండు. "చెల్లే, మీ ఫ్యాక్టరీ ఇంకా పెద్దగ చేస్తరంట గద. పంచాయతి ఆఫీసు గోడకు కాయితం అంటించిండ్రు. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణంట. స్కూలు గ్రౌండుల టెంటేస్తరంట."

డబ్బాల చూసిన టెంటు, ఆఫీసర్ల బల్ల మతికొచ్చినయి.

తెల్లారి హెచ్చార్ రూముకు పోయిన. "ట్రైనింగ్ అంతా ఆ స్కూలు టెంటుల మాట్లాడించేటందుకేనా సార్?"

ఆయన నవ్విండు. "ఏం చెప్పాల్నో మేం అనం. మీ సొంత మాటలే చెప్పండి. లోకల్ మనిషి, ఇక్కడే ఉద్యోగం. ఉన్నదే చెప్పేది కదా."

"ఉన్నదంతా చెప్త," అన్న. ఆయన అప్పటికే ఫోనెత్తిండు.

తర్వాతి నెల స్కూలు గ్రౌండుల అసలు టెంటు వేరేగున్నది. గాలికి గుడ్డ టపటప కొట్టుకుంటున్నది, మైకు కీచుమంటున్నది. సగంమంది ఫోన్లు ఎత్తి నన్ను వీడియో తీస్తుండ్రు, చూద్దామంటే మొహాలే కనపడ్తలేవు. నడుమ కూసున్న అన్న దిక్కు చూసిన.

"నేను ఈ ఫ్యాక్టరీలనే పనిచేస్త. నా ఇల్లు, నా బిడ్డ చదువు ఆ జీతంతోనే నడుస్తున్నయి," అన్న. ముందు వరుసల చప్పట్లు మోగినయి.

"ఇంకో మాట. వాన పడ్డంక మా అన్న బోరు నీళ్లు వాసనొస్తున్నయి. ఎందుకో నాకు తెల్వదు. తెల్వదు గనుకనే అడుగుతున్న. ఊరోళ్ల ముందట ఆ నీళ్లు పరీక్ష చేసినంకనే ఫ్యాక్టరీ పెంచే సంగతి చూడుండ్రి. నా రెండు మాటలూ రాసుకోండి."

ఆఫీసరు రాసుకున్నడు. ఈసారి ముందు వరుస కదలలే.

దిగంగనే హెచ్చార్ సారు ఎదురొచ్చిండు. "మంచిగ మాట్లాడిండ్రు మేడమ్. భయం మొత్తం పోయింది," అన్నడు. కోపం లేదు, ఎక్కిరింపు లేదు. అదే నన్ను ఎక్కువ పరేషాన్ చేసింది.

రెండు దినాలకు ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపుల వీడియో వచ్చింది. అండ్ల నేనే. 'జీతంతోనే నడుస్తున్నయి' కాడికి కట్. కింద అందరూ పెట్టిన దండాలు, బొటనవేళ్లు. కిష్టారెడ్డిపేటల మా కిరాయి ఇంట్ల కూసోని ఎన్నిసార్లు చూసిన్నో. గొంతు నాదే, వణుకు లేదు. ఈ ధైర్యం నాదా, వాళ్లు చేసిచ్చిందా అని మొదటిసారి అనుమానమొచ్చింది.

మా బ్లాకుల షిఫ్టు మొదలయ్యే ముందు సేఫ్టీ మాటలకు అందరం వరుసగ నిలబడతం. ఎవరన్నా చెప్పేదుందా అని సూపర్‌వైజర్ రోజూ అడుగుతడు, ఎవ్వరు నోరు తెరువరు. మర్నాడు నేను ముందుకు నడిచిన.

"వీడియోల సగమే ఉన్నది. మిగతాది గిది," అని బోరు నీళ్ల ముచ్చట చెప్పిన.

"క్యా బోలీ?" అని వెనుక వరుసల ఒడిశా ఆపరేటర్ అడిగిండు. పక్కాయన హిందీల చెప్పిండు. సూపర్‌వైజర్ గడియారం చూసుకున్నడు.

వారం తిరగకముందే నన్ను ల్యాబు నుంచి స్టోర్‌కు మార్చిండ్రు. మామూలు మార్పే అన్నరు. అయ్యుండొచ్చు. మొన్న అన్న ఫోన్ చేసిండు. ఎవరో ఇద్దరు జీపుల వచ్చి బోరు నీళ్లు రెండు సీసాలల్ల పట్టుకపోయిండ్రంట.

"ఏ ఆఫీసోళ్లు అన్నా?" అని అడిగిన.

"అడిగితే చెప్పలే చెల్లే. ఏదో కాయితం మీద నాతోని సంతకమైతే పెట్టించుకున్నరు."