అల్ఫియా సన్నాయి, జీనత్ మిషను

మా పక్కింటి జీనత్ కుట్టిన జాకెట్టుకు వంక పెట్టిన ఆడమనిషి నరసరావుపేటలో లేదు. చెప్పిన రోజుకు ఇచ్చిందని చెప్పగల ఆడమనిషీ లేదు. పదేళ్లుగా తిడుతూనే ఉన్నాను, దాని దగ్గరే కుట్టించుకుంటూ ఉన్నాను.

నిరుడు ఎండాకాలం వెళ్లాక ఆ ఇంట్లో సన్నాయి మొదలైంది. జీనత్ పుట్టింటివాళ్లు తరతరాలుగా సన్నాయి వాయించేవాళ్లు. వాళ్ల నాన్న గుళ్లో స్వామి కల్యాణానికి వాయించి, ఇంటికొచ్చి నమాజు చేసుకునేవాడట. మగపిల్లలకే నేర్పాడు. తలుపు పక్కన కూర్చుని విన్న జీనత్‌కు ఆ కోరిక అట్లాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్ల కూతురు అల్ఫియా "నేనూ ఊదుతా" అనగానే, తన తండ్రి శిష్యుడైన ఖాసిం గారి దగ్గర చేర్పించింది.

మొదటి రెండు నెలలూ నాకు నరకం. మా ఆయన టీవీ సౌండు పెంచేవాడు, నేను కిటికీలు మూసేదాన్ని. మెల్లగా స్వరం నిలబడింది. తాళమే నిలబడలేదు. ఒకరోజు ఖాసిం గారు జీనత్‌ను పిలిపించారు.

"పిల్లకి ఊపిరుందమ్మా, తాళం లేదు. పరిగెత్తిద్ది, ఉన్నట్టుండి ఆగిద్ది. నెలాఖరుకి చూస్తా. కుదరకపోతే మాన్పించు."

అల్ఫియా సన్నాయిని గుడ్డపీలికల మూట కింద దాచేసింది. నాకు రాదు, నేను పోనని ఒకటే ఏడుపు. జీనత్ దాని వీపు మీద ఒక్కటి వేసి, ఆ వెంటనే తనూ ఏడ్చింది.

మర్నాడు నా జాకెట్టు కోసం వెళ్లాను. అది ఇంకా కత్తిరించనే లేదు. తిట్టడానికి కూర్చున్నాను గానీ చెవి సన్నాయి మీదికి పోయింది. జీనత్ మిషను తొక్కుతోంది, వెనక పిల్ల బుంగమూతి పెట్టుకుని ఊదుతోంది. మిషను జోరందుకుంటే సన్నాయి జోరందుకుంటోంది. చంక దగ్గర గుడ్డ తిప్పడానికి మిషను ఆగితే, సన్నాయీ ఆగుతోంది.

"ఏమే జీనత్, ఈ పిల్లకి తాళం ఎవరు చెప్పారే?"

"నేనే కోటేశ్వరక్కా. ఖాసిం గారు తాళం వింటా ఊదమన్నారంట. నాకు కూర్చునే తీరికేదీ? మిషన్ చప్పుడు వింటా ఊదమన్నా."

"నీ మొహం! నువ్వు చంక తిప్పినప్పుడల్లా అది ఆగతందే!"

నాకు నవ్వు ఆగలేదు. జీనత్ మొహం చూశాక మింగేశాను.

"నేనే చెడగొట్టానక్కా," అంది.

ఆ సాయంత్రం నుంచి రోజూ గంటసేపు మిషను బంద్. జీనత్ చాప మీద కూర్చుని తొడ మీద తాళం వేసేది. దానికే సరిగా రాదు. "అక్కడ దెబ్బ కాదమ్మా, చెయ్యి తిప్పాల!" అని పిల్ల దిద్దేది. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్లు. ఒకరోజు చక్కగా కుదిరేది, మర్నాటికి మొత్తం పోయేది. జాకెట్లు మరింత ఆలస్యమయ్యాయి. కోపం వచ్చింది గానీ ఈసారి పాత జాకెట్టుతోనే సరిపెట్టుకున్నాను.

నెలాఖరు ఆదివారం జీనత్ నన్నూ వెంట లాక్కెళ్లింది. ఖాసిం గారి వసారాలో అల్ఫియా మొదలుపెట్టింది. మొదటి కాలం బాగానే సాగింది. వేగం పెరిగిన రెండో కాలంలో ఒక స్వరం జారింది. పిల్ల ఏడవలేదు. పాదంతో నేల మీద తాళం వేసుకుంటూ మళ్లీ అందుకుంది. కళ్లు మూసుకునే ఉంది. నా పక్కన జీనత్ మాత్రం, కూతురు చూస్తుందేమోనని తొడ మీద తాళం వేస్తూనే ఉంది.

చివరి వరస అయిపోయింది. ఖాసిం గారు జీనత్ వైపు తిరిగారు.

"ఇంక చెయ్యి ఆపమ్మా. నీ తాళం తప్పింది, పిల్లది తప్పలా. రేపు ఆరింటికి పంపు, తర్వాతి పాఠం మొదలెడదాం."

జీనత్ పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. తన తాళం తప్పిందని విని అంత సంతోషపడిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.